అలను చూపే వెలుగు

మనకొక సంవత్సరం గడిస్తే దేవతలకొక రోజు గడుస్తుందని పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళం. సూర్యసిద్ధాంతం ఆ మాటను గోళగణితంలోకి తెచ్చి చెప్పింది. మేరువు మీద ఉండే దేవతలకు ఆర్నెల్లు సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు, ఆర్నెల్లు అసలు కనిపించడు. భూగోళానికి అవతలి కొసన ఉండే అసురులకు అది తారుమారుగా జరుగుతుంది. దేవాసురుల సంగతి ఎవరి విశ్వాసానికి వాళ్ళకు వదిలేసినా, ధ్రువాల దగ్గర రాత్రింబవళ్ళ లెక్క మాత్రం అక్షరాలా అంతే.

ఆ దక్షిణపు కొసన ఇవాళ అమెరికావారి అమండ్సెన్-స్కాట్ స్టేషన్ ఉంది. సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తున, మంచు మీద కట్టారు. మార్చిలో విషువత్తు దగ్గర అస్తమించిన సూర్యుడు మళ్ళీ సెప్టెంబరు విషువత్తుకు గాని ఉదయించడు. ఫిబ్రవరిలో ఆఖరి విమానం వెళ్ళిపోయాక ఓ నలభై మంది అక్కడ చలికాలం గడుపుతారు. బయట మైనస్ 60 డిగ్రీలన్నది మామూలు మాట. చీకటి పడే వేళకు వాళ్ళు చేసే పనుల్లో ఒకటి కిటికీలన్నీ లోపలి నుంచి మూసేయడం. బయట తెల్లదీపం వెలిగించరు. నడవాల్సి వస్తే తలకు ఎర్రదీపం కట్టుకుని, మంచులో పాతిన జెండాల వరుస వెంట నడుస్తారు. అంత చీకట్లో, అంత చలిలో ఉన్న కాస్త దీపాన్నీ ఎందుకు దాచుకుంటారంటే, పైన ఆకాశంలో ఇంకో వెలుగు ఉంది. అది మన కంటికి ఆనదు. దాన్ని చూసే యంత్రాలకు మన దీపం అడ్డం.

ఈ సంగతి చదివినప్పటి నుంచీ బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు వేసిన ప్రశ్న నన్ను వదలడం లేదు. నాలుగో అధ్యాయంలో, జ్యోతిర్బ్రాహ్మణమని పేరుపడ్డ భాగంలో, మనిషి ఏ వెలుగుతో బతుకుతున్నాడని ఆ మిథిల రాజు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు. ఋషి సూర్యుడితో మొదలుపెడతాడు. సూర్యుడు పోతే ఏమిటని రాజు, చంద్రుడని ఋషి. అలా చంద్రుడు పోయి నిప్పు, నిప్పు పోయి మాట. చీకట్లో చేయి కనబడకపోయినా ఎవరిదో గొంతు వినబడితే అటు నడుస్తాం గదా. ఆ గొంతు కూడా ఆగిపోయాక మిగిలే వెలుగు ఆత్మేనని చివరికి చెబుతాడు.

ఇంట్లో కూర్చుని చదివితే ఇదంతా వాదం కోసం కల్పించిన వరుసలా తోస్తుంది. ధ్రువరాత్రిలో ఒక్కో మెట్టూ కళ్ళెదుట జరుగుతుంది. సూర్యుడు వెళ్ళిపోయాడు. చంద్రుడు అక్కడ దాదాపు పక్షం రోజులు అస్తమించకుండా తిరిగి, తర్వాత పక్షం రోజులు కనబడకుండా పోతాడు. దీపాన్ని మనుషులే దాచేశారు. గాలివాన లాంటి మంచుతుఫాను రేగితే పక్కవాడి మాట కూడా వినిపించదు. అప్పటికీ ఆకాశం పూర్తిగా చీకటి కాదు. నేలకు సుమారు 87 కిలోమీటర్ల ఎత్తున, పది కిలోమీటర్లకు కాస్త అటూఇటూ మందంలో, భూమి మొత్తాన్నీ చుట్టి ఒక పలచని పొర వెలుగుతూనే ఉంటుంది. ఎయిర్‌గ్లో అంటారు దాన్ని. అందులో చాలా భాగం పరారుణ కాంతి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. సైన్సులో కనబడ్డదల్లా ఉపనిషత్తులో ముందే ఉందని చెప్పడం నాకు సమ్మతం కాదు. దానివల్ల సైన్సుకు ఒరిగేదేమీ లేదు, ఉపనిషత్తు గౌరవం పెరిగేదీ లేదు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన ఆత్మజ్యోతి, ఈ పొర వెలుగు ఒకటి కావు. ఆత్మ స్వయంజ్యోతి. ఈ పొరది అరువు వెలుగు. ఎక్కడి నుంచి తెచ్చుకున్న అరువో తెలుసుకుంటే మాత్రం, వేదాంతులు ఎంతో శ్రమపడి విడదీసి చెప్పిన ఒక భేదం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

పగటి ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైవాతావరణంలో ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తాయి. మన దగ్గరైతే అలా చీలిన పరమాణువు వెంటనే దేనితోనో ఒకదానితో కలిసిపోతుంది. అంత ఎత్తున గాలి పలచన కాబట్టి దానికి తోడు దొరకడమే కష్టం. ఎంత పైన ఉంటే అంత దీర్ఘాయువు. రాత్రివేళ ఆ పరమాణువు ఒక ఆక్సిజన్ అణువుతో, దగ్గర్లో ఉన్న మరో అణువు సాయంతో కలిస్తే ఓజోన్ పుడుతుంది. ఆ ఓజోన్‌కు ఒక హైడ్రోజన్ పరమాణువు తగిలి, దాన్లోంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుని హైడ్రాక్సిల్ అవుతుంది. ఈ హైడ్రాక్సిల్ నిదానంగా పుట్టదు. ఆ కలయికలో విడుదలైన శక్తినంతా మోస్తూ, విపరీతంగా కంపిస్తూ పుడుతుంది. ఆ కంపనం మెట్లు దిగుతూ పోతుంది. దిగినప్పుడు కాసింత కాంతి బయటపడుతుంది. అది మనం చెప్పుకుంటున్న వెలుగు. ఆ తర్వాత ఇంకో ఆక్సిజన్ పరమాణువు వచ్చి తగిలితే హైడ్రాక్సిల్ విడిపోయి హైడ్రోజన్ మళ్ళీ ఒంటరిగా బయటికి వస్తుంది, ఇంకో ఓజోన్ కోసం. హైడ్రోజన్ ఇందులో ఖర్చు కాదు. ఖర్చయ్యేదల్లా పగలు ఎండ చేసిపెట్టిన ఆక్సిజన్ పరమాణువులే.

1950లో ఏడెన్ మైనెల్ రాత్రి ఆకాశపు వర్ణపటంలో ఈ హైడ్రాక్సిల్ పట్టీలను గుర్తించాడు. అదే ఏడు డేవిడ్ బేట్స్, మార్సెల్ నికొలే ఓజోన్, హైడ్రోజన్‌ల కథను ప్రతిపాదించారు. 1973లో పీటర్సన్, కీఫేబర్ అనే ఇద్దరు పరారుణ ఫొటోలు తీసి ఆ వెలుగు నునుపుగా లేదనీ, అందులో చారలు చారలుగా ఆకృతులు ఉన్నాయనీ చూపారు. ఆ చారలు అలలు.

అంటే పగలు అనుభవించిన ఎండ రాత్రికి వెలుగుగా తిరిగి వస్తోంది. సంస్కారమనే మాటకు ఇంతకంటే దగ్గరి భౌతిక రూపం నాకు తెలియదు. జాగ్రదవస్థలో పడిన ముద్ర స్వప్నంలో వెలుగై కదలడం మాండూక్యం చదివినవాళ్ళకు తెలిసిన విషయమే. ధ్రువరాత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక చిక్కు ఎదురవుతుంది. అక్కడ నెలల తరబడి పగలే లేదు. ఎండ చీల్చిపెట్టిన పరమాణువుల నిల్వ ఎప్పుడో అయిపోవాలి. అయినా ఆ దీపం ఆరడం లేదు. అందులో నూనె ఎవరు పోస్తున్నారన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు అలల దగ్గరే ఉంది కాబట్టి ముందు అలల సంగతి.

నీటికి ఉన్నట్టే గాలికీ అలలుంటాయి. కొండను ఢీకొన్న గాలి పైకి లేస్తుంది, లేచి చల్లబడి చుట్టూ ఉన్న గాలికంటే బరువెక్కుతుంది, బరువెక్కి దిగుతుంది, దిగిన ఊపులో తన మట్టం దాటి ఇంకా కిందికి పోతుంది, మళ్ళీ లేస్తుంది. తుఫానులూ, ఎత్తున వేగంగా వీచే గాలులూ కూడా ఇలాంటి ఊపునే పుట్టిస్తాయి. వీటిని గురుత్వ తరంగాలంటారు. ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వాకర్షణ తరంగాలు వేరు. ఇక్కడ గురుత్వం చేసే పని లేచిన గాలిని కిందికి లాగడం వరకే. 1960లో కోలిన్ హైన్స్ రాసిన వ్యాసంతో పైవాతావరణంలోని ఎన్నో అల్లకల్లోలాలకు ఇవే కారణమన్న అవగాహన స్థిరపడింది. చలికాలంలో ఆండీస్ పర్వతాల మీదా, వాటికి ఎదురుగా ఉన్న అంటార్కిటిక్ ద్వీపకల్పం మీదా ఇవి లేచినంతగా భూమ్మీద మరెక్కడా లేవవు. 2014లో న్యూజిలాండ్‌కు దక్షిణాన ఉన్న ఆక్లాండ్ దీవుల మీదుగా విమానంలో ఎగురుతూ పరారుణ కెమెరాతో పైకి చూశారు. సముద్రం మధ్య కొన్ని వందల మీటర్లు మాత్రమే లేచిన ఆ చిన్న కొండలు పుట్టించిన అల 80 కిలోమీటర్లకు పైన హైడ్రాక్సిల్ పొరలో స్పష్టంగా కనిపించింది.

చిన్న కొండ అల అంత ఎత్తుకు ఎలా చేరిందన్నది ఆలోచించదగ్గ విషయం. అల పైకి పోయేకొద్దీ పెద్దదవుతుంది. దారిలో కొత్తగా శక్తి ఏమీ చేరదు. కదిలించవలసిన గాలి పలచబడుతుంది, అంతే. 87 కిలోమీటర్ల దగ్గర గాలి సాంద్రత నేలమీద ఉన్నదాంట్లో లక్షో వంతు కంటే తక్కువ. కింద ఎవరి గమనికకూ రాని ఊపు అక్కడికి చేరేసరికి వందల రెట్లు పెరిగి, గాలిని సెకనుకు పదుల మీటర్ల వేగంతో అటూఇటూ ఊపగలదు.

జపం మొదలుపెట్టినవాళ్ళు గురువుల దగ్గర తరచు మొరపెట్టుకునే మాట ఒకటుంది. అంతకు ముందు మనసు బాగానే ఉండేదనీ, కళ్ళు మూసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాకే అల్లకల్లోలం ఎక్కువైందనీ అంటారు. పొద్దున ఎవరో అన్న చిన్నమాట పనుల్లో ఉన్నంతసేపూ గుర్తుకే రాదు. సాయంత్రం ఆసనం మీద కూర్చోగానే అదే ఇల్లంతా నిండిపోతుంది. సాధన తమకు పడలేదని కొందరు మానేస్తారు కూడా. ఆ మొర విన్నప్పుడల్లా నాకు ఈ పలచబడే గాలి గుర్తొస్తుంది. ఆ సాధకుడు చెడిపోలేదు, పలచబడ్డాడు. అల పాతదే. దాన్ని అణచిపెట్టిన బరువు తగ్గింది. మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకున్నది కూడా గీత ఆరో అధ్యాయంలో, ధ్యానం గురించి అంత వివరంగా విన్న తర్వాతే. మొదటి అధ్యాయంలో అతను ఆ మాట అనలేదు.

ఇంకో సంగతి. బయల్దేరిన ప్రతి అలా పైకి చేరదు. దారిలో వీచే గాలి వడపోస్తుంది. అల ఏ దిక్కుకు, ఏ వేగంతో పోతోందో అదే దిక్కుకు, అదే వేగంతో గాలి వీచే ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆ అల గాలిలో కలిసిపోతుంది. చలికాలంలో ధ్రువం చుట్టూ పైగాలులు తూర్పుకు ఉరుకుతాయి కాబట్టి తూర్పుకు పోయే అలలు చాలావరకు మధ్యలోనే కలిసిపోతాయి. పడమటికి పోయేవీ, కొండల దగ్గర పుట్టి కదలకుండా నిలిచేవీ పైకి చేరతాయి. ధ్యానంలో మనకు కనబడేవి ఎక్కువగా ఎందుకు మన ఇష్టానికి అడ్డం వచ్చిన విషయాలేనో దీన్ని చూశాక నాకు బోధపడింది. ఇష్టంతో పాటు పోయే ఆలోచన ఇష్టంలోనే కలిసిపోతుంది. అది ఒక వృత్తి, మనసులో లేచిన ఒక కదలిక, అని కూడా మనకు అనిపించదు, అదే నేననుకుంటాం. అయితే కలిసిపోయిన అల మాయమైపోదు, తన తోపును ఆ గాలికిచ్చి పోతుంది. కోపాన్ని పట్టుకోవడం కంటే, మన స్వభావమైపోయిన ఆ తోపును పట్టుకోవడం కష్టం. నా దృష్టిలో సాధనలో ఎక్కువ పని అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ అలల్ని చూడటం ఎలాగన్నది. గాలి కనబడదు, గాలిలో అల అంతకన్నా కనబడదు. అల వచ్చి పొరను నొక్కినచోట గాలి వేడెక్కి వెలుగు మారుతుంది, లేపినచోట చల్లబడి మరోలా మారుతుంది. పొర వెలుగులో పడ్డ ఈ తేడాయే అలకు ఆనవాలు. కానీ ధ్రువప్రాంతంలో ఇంకో వెలుగు కూడా ఉంది, అరోరా. ఆకుపచ్చగా, అప్పుడప్పుడు ఎర్రగా, ఆకాశమంతా తెరలు దించినట్టు ఊగుతుంది. సూర్యుడి నుంచి వచ్చే గాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కదిలించినప్పుడు, ఆ క్షేత్రరేఖల వెంట దూసుకొచ్చే విద్యుత్కణాలు పైగాలిని ఢీకొట్టగా పుట్టే వెలుగు అది. దృశ్యకాంతిలో చూసే కెమెరాకు అరోరా లేచిన ఘడియలో అల కనబడదు. అందుకని ఉటా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ టేలర్, పియర్ డొమినిక్ పోటె బృందం ఒకటిన్నర మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూసే పరారుణ కెమెరాను తయారుచేసి 2010లో దక్షిణధ్రువం దగ్గర పెట్టింది. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర అరోరా జోక్యం బాగా తక్కువ, హైడ్రాక్సిల్ వెలుగు బాగా ఎక్కువ.

ధ్యానంలో రంగులు కనబడ్డాయనీ, నాదాలు వినబడ్డాయనీ చెప్పుకునేవాళ్ళను మన గురువులు ఎందుకు పొగడరో, ఎందుకు తిట్టనూ తిట్టరో ఈ కెమెరాను గురించి ఆలోచిస్తే తెలుస్తుంది. అరోరా అబద్ధం కాదు. దానికీ కారణం ఉంది, అందం ఉంది. కానీ అది వచ్చిపోయేది, బయటి నుంచి పడేది, దాని ఆర్భాటంలో పొరలోని అల మరుగున పడుతుంది. సిద్ధుల్ని సమాధికి అడ్డంకులని పతంజలి చెప్పింది అవి లేవని కాదు. చూడవలసినదాన్ని అవి కప్పేస్తాయని. అరోరాను ఆర్పడం ఎవరి వల్లా కాదు. చూపును అది అంతగా లేని చోటికి మార్చుకోవడం సాధ్యం, మన ప్రాచీనులు ప్రత్యాహారమన్నది అదే.

ఆ కెమెరా పని చేసే తీరు ఇంకొంచెం దగ్గరగా చూడాలి. దానిముందు మూడు ఫిల్టర్లు వంతులవారీగా తిరుగుతాయి. ఒకటి హైడ్రాక్సిల్ వర్ణపటంలో ఒక గీతను చూస్తుంది, రెండోది పక్కనున్న మరో గీతను. మూడోది ఏ గీతా లేని ఖాళీ చోటును చూస్తుంది. ఆ ఖాళీలో పడ్డ వెలుగు ఎంతో కొలిచి మిగతా రెండింటిలోంచి తీసేస్తారు, అది వెనకటి ఆకాశానిది గనక. కానిదాన్ని కొలిచి తీసేయడం, ఇది కాదు ఇది కాదని తోసేసుకుంటూ పోయే నేతి మార్గంలో మొదటి పాఠం. కొలవకుండా తీసేయలేమన్నది మనం తరచు మరిచే పాఠం. మిగిలిన రెండు గీతల్లో ఏ ఒక్కదాని ప్రకాశాన్నీ నమ్మరు. ఆక్సిజన్ పరమాణువులు కాస్త ఎక్కువగా దిగినా ఆ గీత మెరుస్తుంది, తక్కువైతే మసకబారుతుంది. రెండు గీతల నిష్పత్తిని మాత్రం నమ్ముతారు. ఎందుకంటే హైడ్రాక్సిల్ అణువు వెలుగు వదిలేలోపు చుట్టూ ఉన్న అణువులతో ఎన్నోసార్లు ఢీకొని, తన భ్రమణాన్ని అక్కడి వేడిమికి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు నిష్పత్తిలో తెలుస్తుంది. ఇలా అర నిమిషానికోసారి దాదాపు 200 కిలోమీటర్ల మేర ఆకాశానికి ఉష్ణోగ్రతల పటం తయారవుతుంది. తెరమీద వరసగా ఆడిస్తే, ఎక్కడో మూలన మొదలైన చారలు ఒకదాని వెనక ఒకటిగా మెల్లగా మధ్యకు జరుగుతాయి, ఇంకో దిక్కు నుంచి వచ్చిన సన్నచారలు వాటిని అడ్డంగా కోస్తాయి, ఒక్కోసారి పెద్ద చార అంచు చిట్లి చిన్నచిన్న నురుగుగీతలుగా విడిపోతుంది. ఆ చిట్లడం అల విరగడం.

వివేకానికి ఈ నిష్పత్తి మంచి గురువు. నిన్నటి జపంలో ఆనందం ఎక్కువగా ఉంది, ఇవాళ తక్కువగా ఉంది అని లెక్కవేసుకుంటూ కూర్చోవడం ఒకే గీత ప్రకాశాన్ని నమ్మడం లాంటిది. ఆనందం పెరిగినప్పుడు దానితో పాటు ఓర్పు ఏమైంది? కన్నీళ్ళు వచ్చిన రోజున ఇంట్లోవాళ్ళతో మాట తీరు ఎలా ఉంది? ఈ రెండో కొలత లేని అనుభవానికి ఉష్ణోగ్రత తెలియదు.

ఈ అలల్ని చూసేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రం ఉంది. 1,024 యాంటెనాలను పొలంలా పరిచిన రాడార్ అక్కడ దశాబ్దాలుగా ఇవే అలల్ని వెదుకుతోంది, రాత్రి ఆకాశపు వెలుగునూ పరిశీలిస్తున్నారు. మన దగ్గర వెలుగు చూడాలంటే మబ్బు లేని, వెన్నెల లేని రాత్రి దొరకాలి, దొరికినా తెల్లవారగానే ఆపాలి. ధ్రువం దగ్గర వారాల తరబడి చూపు తెగదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2023 నవంబరులో పంపిన ఏడబ్ల్యూఈ అనే పరికరం పని ఈ పొరనే పై నుంచి చూడటం, కానీ ఆ కేంద్రం 51.6 డిగ్రీల అక్షాంశాన్ని మించి పోదు. ధ్రువాల పని నేలమీది కెమెరాలకే మిగిలింది. అంటార్కిటికాలోని హేలీ, రొథెరా, మెక్‌మర్డో, షోవా, డేవిస్ స్టేషన్లవాళ్ళు తమ కొలతల్ని కలిపి చూసుకునే ఏర్పాటు అందుకే చేసుకున్నారు. మన భారతి స్టేషన్‌కు పొరుగున ఉన్న డేవిస్‌లో 1995 నుంచి ఏటా చలికాలమంతా ఈ పొర వేడిమిని కొలుస్తూ వచ్చారు. దశాబ్దానికి ఒక డిగ్రీకి పైగా అది చల్లబడుతోంది. మన చిమ్నీల్లోంచి లేచిన కార్బన్ డయాక్సైడ్ కింద వేడిని పట్టి ఉంచుతుంది, అంత ఎత్తున మాత్రం వేడిని బయటికి వదిలేస్తుంది. మనం చేసిన పని మనం చూడని చోటికి చేరుతోందన్న బాధ ఇది చదివినప్పుడు కలిగింది. ఏ ఒక్క రాత్రి కొలతలోనూ అది కనబడదు. పాతికేళ్ళ ఎడతెగని చూపులో కనబడింది.

ఇప్పుడు వేదాంతులు విడదీసి చెప్పారన్న ఆ భేదం దగ్గరికి వస్తాను. విజయనగర కాలంలో విద్యారణ్యులు రాసిన పంచదశిలో ఎనిమిదో ప్రకరణం కూటస్థదీపం. అందులో ఆయన చెప్పే పోలిక ఇది. ఎండ పడుతున్న గోడ మీద అద్దాల్లోంచి ప్రతిఫలించిన ఎండ కూడా పడితే, ఆ గోడ రెండుసార్లు వెలిగినట్టు. అద్దపు వెలుగులు మచ్చలు మచ్చలుగా ఉంటాయి, కదులుతాయి. వాటి నడుమ సందుల్లోనూ, అద్దాలు తీసేశాకా ఉండేది మామూలు ఎండ. బుద్ధిలో ప్రతిఫలించే చైతన్యం చిదాభాస, దానికి ఆధారంగా కదలకుండా ఉన్నది కూటస్థం, అంటే సాక్షి, అని ఆయన విడదీస్తారు. ఆకాశంలోని ఆ పొరను నేను చిదాభాస స్థానంలో పెట్టుకుంటాను, సాక్షి స్థానంలో కాదు. దానికి కారణం సులువు. అల వస్తే ఆ పొర కదులుతుంది, మసకబారుతుంది, మెరుస్తుంది. సాక్షికి ఈ మార్పులేవీ లేవు. కానీ ఇక్కడే నాకు ఒక కొత్త సంగతి తెలిసివచ్చింది. ఎన్నడూ మారని వెలుగైతే అలను చూపించలేకపోయేది. పొర కదిలింది కాబట్టే అల ఉన్నట్టు తెలిసింది. కదిలే మనసును తప్పుపట్టి, కదలని సాక్షిని మాత్రమే పొగిడే అలవాటు మనలో కొందరికి ఉంది. కదలికకు లోబడే ఆ ఆభాసే లేకపోతే వృత్తి వృత్తిగా తెలిసే దారి లేదు. విద్యారణ్యులు చిదాభాసను అంత శ్రద్ధగా, అన్ని శ్లోకాలు వెచ్చించి ఎందుకు వివరించారో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది.

ఇక ధ్రువరాత్రి దీపంలో నూనె సంగతి. అల పైకి పోతూ పెరిగి పెరిగి, ఒక ఎత్తు దగ్గర తన ఊపును తానే మోయలేక విరుగుతుంది. విరిగినప్పుడు తాను మోసుకొచ్చిన తోపును అక్కడి గాలికి అప్పగిస్తుంది. చలికాలపు ధ్రువం దగ్గర అది తూర్పుకు ఉరికే గాలికి ఎదురుతోపు. గాలి మందగిస్తుంది. భూమి తిరుగుతున్నందువల్ల మందగించిన ఆ గాలి ధ్రువం వైపు మళ్ళి, మళ్ళి చివరికి అక్కడ కిందికి దిగుతుంది. వేసవి ధ్రువం దగ్గర దీనికి తలకిందులు. గాలి అక్కడ పైకి లేచి భూమధ్యరేఖ వైపు కదులుతుంది. లేచిన గాలి చల్లబడుతుంది, దిగిన గాలి వేడెక్కుతుంది. ఫలితం నమ్మశక్యం కాదు. రోజంతా ఎండ కాసే వేసవి ధ్రువం మీద 87 కిలోమీటర్ల దగ్గర మైనస్ 130 డిగ్రీల కంటే తక్కువ. భూమి వాతావరణం మొత్తంలో అంత చల్లని చోటు ఇంకోటి లేదు. నెలల తరబడి ఎండ మొహం చూడని చలికాలపు ధ్రువం మీద అదే ఎత్తున మైనస్ 70 ప్రాంతంలో ఉంటుంది. ఎండ ఉన్నచోట చలి, ఎండ లేనిచోట అంతకంటే వెచ్చదనం. ఇంత తారుమారుకూ కారణం విరిగిన అలలు.

చలికాలపు ధ్రువం దగ్గర దిగివచ్చే ఆ గాలి ఖాళీచేతులతో దిగదు. ఎక్కడో ఎండ పడే సీమల మీద చీలి, పైన దీర్ఘాయువుతో తిరిగిన ఆక్సిజన్ పరమాణువుల్ని తనతో తెస్తుంది. ఆ పరమాణువులే ఓజోనై, హైడ్రాక్సిలై, ధ్రువరాత్రిలో ఆరని వెలుగవుతున్నాయి. అంటే అలలు విరిగి గాలిని తిప్పకపోతే అలల్ని చూపించే వెలుగుకు నూనె అందదు. అలను చూపుతున్న దీపం అలలు విరగడం వల్ల వెలుగుతోంది.

వృత్తుల్ని శత్రువులనుకునే సాధకుడికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది, వేదాంతికి ఉండదు. అవిద్యను తొలగించేది శుద్ధచైతన్యం నేరుగా కాదనీ, దానికి కూడా మనసులో పుట్టిన ఒక వృత్తే కావాలనీ అద్వైతులు చెబుతూ వచ్చారు. అఖండాకారవృత్తి అని పేరు పెట్టుకున్నది దాన్నే. అది పుట్టి, అజ్ఞానాన్ని పోగొట్టి, తానూ లయిస్తుంది. బంధానికీ మోక్షానికీ మనసే కారణమన్న మాటను మనం చాలాసార్లు నీతివాక్యంగా వింటాం. విరిగే వృత్తి తన శక్తిని దేనికి అప్పగించిందో చూస్తే అది నీతి కాదు, పనిచేసే తీరు. కోపం లేచి, చూడబడి, విరిగినప్పుడు అందులో ఉన్న వేగం ఎక్కడికి పోయిందని ఎవరైనా తమలో వెదుక్కుంటే ఈ మాట తేలిగ్గానే దొరుకుతుంది. అణచిన కోపం మళ్ళీ లేస్తుంది. చూసి విరగనిచ్చిన కోపం తర్వాత కొంతసేపు చూపు ముందుకంటే నిశితంగా ఉంటుంది.

ఒక్క అల విరిగితే ధ్రువం వెచ్చబడదని కూడా గుర్తుంచుకోవాలి. లెక్కలేనన్ని అలలు, ఒక్కోటి ఇచ్చే పిసరంత తోపుతో, ఒక చలికాలం పొడుగునా విరిగితే గాని ఆ గాలి తిరగదు. శ్రవణ మననాల తర్వాత నిదిధ్యాసనం దీర్ఘకాలం చేయాలని పెద్దలు అన్నది ఓర్పును పరీక్షించడానికని కొందరు అనుకుంటారు. పరిమాణం వల్ల తప్పనిసరి అయిన మాట అది.

చివరికి నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. హైడ్రాక్సిల్ పొరను చూసి ఆత్మవిచారం చేయడం న్యాయమా? విద్యారణ్యులు తొమ్మిదో ప్రకరణమైన ధ్యానదీపంలో ఇలాంటి ప్రశ్నకే దారి చూపారు. ఒకడు దూరం నుంచి దీపకాంతిని చూసి మణి అనుకుని పరుగెత్తాడు, ఇంకొకడు మణి కాంతిని చూసి అదే మణి అనుకుని పరుగెత్తాడు. ఇద్దరిదీ భ్రమే. మొదటివాడికి దక్కిందేమీ లేదు, రెండోవాడికి మణి దొరికింది. రెండోవాడి భ్రమను సంవాది భ్రమ అంటారు. ధ్రువరాత్రిలో కనబడ్డ వెలుగును ఆత్మజ్యోతి అనుకున్నవాడు భ్రమపడ్డట్టే. అయితే ఆ వెలుగును పట్టుకుని పోతే కంపించే హైడ్రాక్సిల్, దాని వెనక ఓజోన్, దాని వెనక దిగివచ్చిన ఒంటరి ఆక్సిజన్, దాని వెనక ఎక్కడో కాసిన ఎండ వరుసగా ఎదురవుతాయి. తనలోని తెలివిని పట్టుకుని ఇలాగే ఒక్కో మెట్టూ వెనక్కి నడవమన్నది వేదాంతుల పద్ధతి కూడా. ఇది అరువు వెలుగని తేలిన మెట్టు దగ్గర కూర్చుండిపోకుండా, ఎవరి దగ్గర అరువు తెచ్చిందని అడిగేవాడి విచారం ఇంకా ముందుకు నడుస్తుంది.